బ్యాగులో ఒక రోజు ఎక్కువ

340 కిలోమీటర్ల కొండ దారి, 22 రోజులు, తోడు ఎవరూ లేరు. అలాంటి నడకకు ఏం సర్దుకోవాలి, ఎలా ప్లాన్ చేసుకోవాలి? ఆ లెక్క ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఎక్కడ పనికొస్తుంది?

కోడింగ్ ఇంటర్వ్యూలకు ప్రిపేరయ్యేవాళ్లందరికీ నాప్‌శాక్ ప్రాబ్లమ్ తెలిసే ఉంటుంది. ఒక సంచి ఉంటుంది. అది మోయగలిగే బరువుకు ఒక హద్దు. ఎదురుగా ఉన్న వస్తువుల్లో ఒక్కోదానికి ఒక బరువు, ఒక విలువ. హద్దు దాటకుండా ఎక్కువ విలువ రావాలంటే ఏవి తీసుకోవాలి? టేబుల్ గీసి, రెండు లూప్‌లు రాసి, ‘ఇదే ఆప్టిమల్’ అని చెప్పేస్తాం. నాప్‌శాక్ అంటే అచ్చంగా వీపుకు తగిలించుకునే సంచే. ఆ సంచిని నిజంగా సర్దుకుని కొండల్లో మూడు వారాలు నడిస్తే, పుస్తకంలోని లెక్కలో చోటు దొరకని ఒక వస్తువు విలువ తెలిసొచ్చింది. ఈ కథనం దాని గురించే.

దారి సంగతి

అమెరికాలోని కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా పర్వతాల మీదుగా వెళ్లే కాలిబాట పేరు జాన్ మ్యూర్ ట్రెయిల్. యోసెమిటీ లోయలో హ్యాపీ ఐల్స్ అనే చోట మొదలై, మౌంట్ విట్నీ శిఖరం మీద ముగుస్తుంది. పొడవు 211 మైళ్లు, అంటే సుమారు 340 కి.మీ. విట్నీ ఎత్తు 4,421 మీటర్లు. అలాస్కా, హవాయి రాష్ట్రాలను పక్కన పెడితే అమెరికాలో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. శిఖరం చేరితే ట్రెయిల్ అయిపోతుంది గానీ నడక అయిపోదు. రోడ్డు ఉన్న విట్నీ పోర్టల్ దాకా ఇంకో 17 కి.మీ. కిందికి దిగాలి.

మధ్యలో యోసెమిటీ, కింగ్స్ కెన్యన్, సెకోయా అనే మూడు జాతీయ పార్కులు వస్తాయి. దారి పొడవునా ఎక్కుళ్లన్నీ కూడితే నిలువునా దాదాపు 14 కి.మీ. తిరుమలకు నడిచి వెళ్లినవాళ్లు మోకాళ్ల పర్వతాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. వీపు మీద 15 కిలోల బరువుతో, తక్కువ గాలిలో, అలాంటి ఎక్కుడు ఇంచుమించు రోజూ ఉంటుంది.

ఈ దారి కథ కూడా బాగుంటుంది. 1884లో థియోడర్ సోలమన్స్ అనే 14 ఏళ్ల కుర్రాడు పశువులు మేపుతూ దూరంగా కనిపిస్తున్న మంచు శిఖరాలను చూసి, వాటి వెంబడే ఒక బాట ఉంటే ఎలా ఉంటుందా అనుకున్నాడట. ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్ 1914లో చనిపోయాక ఆయన పేరు మీద 1915లో పని మొదలైంది. పూర్తయింది 1938లో. ఒక ఆలోచన బాటగా మారడానికి 54 ఏళ్లు పట్టింది. అంతకు ఎన్నో తరాల ముందే పైయూట్ తెగలవాళ్లు ఈ కనుమల గుండా వర్తకానికి నడిచేవారు. వాళ్లు దీన్ని ‘నూమూ పోయో’ అంటారు. ప్రజల దారి అని అర్థం.

నడవాలంటే పర్మిట్ ఉండాలి. యోసెమిటీలో రోజుకు ఇంతమందే అని కోటా ఉంటుంది. అందులో 60 శాతం 24 వారాల ముందు లాటరీలో ఇస్తారు, మిగతా 40 శాతం బయల్దేరడానికి వారం ముందు విడుదల చేస్తారు. ఎంఎస్ తర్వాత నేను అక్కడ చేస్తున్న కాంట్రాక్టు ఉద్యోగం జులై ఆఖరుకు ముగుస్తుందని ముందే తెలుసు. హైదరాబాద్ తిరిగి వచ్చేద్దామని అప్పటికే నిర్ణయించుకున్నా. దేశం విడిచి వెళ్లడానికి వీసా నిబంధనల ప్రకారం 60 రోజుల గడువు ఉంటుంది. ఫిబ్రవరిలో లాటరీ వేస్తే ఆగస్టు తేదీ తగిలింది.

11.5 లీటర్ల లెక్క

ఈ ట్రెయిల్‌లో సంచి హద్దును నిర్ణయించేది మన భుజాలొక్కటే కాదు, ఎలుగుబంట్లు కూడా. అక్కడి నల్ల ఎలుగుబంట్లకు మనుషుల తిండి వాసన బాగా అలవాటు. అందుకే దారిలో దాదాపు అంతటా తిండిని బేర్ క్యానిస్టర్ అనే గట్టి డబ్బాలో పెట్టి మోయాలన్నది నిబంధన. నేను తీసుకెళ్లిన డబ్బా లోపలి చోటు 11.5 లీటర్లు. ఖాళీగానే కిలోకు పైన బరువు. తిండితో పాటు టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, సబ్బు, ఇలా వాసన వచ్చేవన్నీ అందులోనే పెట్టాలి. రాత్రి ఆ డబ్బాను టెంట్‌కు దూరంగా నేల మీద ఉంచాలి.

అంటే ఇక్కడ హద్దులు రెండు. ఒకటి బరువు, రెండోది డబ్బాలో చోటు. ఇన్‌స్టంట్ నూడుల్స్ తేలికే, కానీ చోటు తినేస్తాయి. వేయించి పోపు కలిపిన ఉప్మా రవ్వ గట్టిగా కూరుకుంటుంది. పల్లీ చిక్కీ, బాదం, నువ్వుండలు చిన్నగా ఉండి ఎక్కువ శక్తినిస్తాయి. 100 గ్రాముల నెయ్యిలో దాదాపు 900 కేలరీలుంటాయి, కొండ మీద దానికి మించిన బేరం లేదు. కందిపొడి, నెయ్యి, పొడి అన్నం మీద వేడి నీళ్లు పోసుకుంటే రాత్రి భోజనం అయిపోయినట్టే. ఇలా రోజుకు 800 గ్రాముల చొప్పున లెక్క వేస్తే డబ్బాలో కష్టం మీద ఏడు రోజుల తిండి పట్టింది.

టెంట్, స్లీపింగ్ బ్యాగ్, కింద పరుచుకునే మ్యాట్, చలి బట్టలు, వాన కోటు, స్టవ్, నీళ్ల ఫిల్టర్, మందులు, పవర్ బ్యాంక్, ఖాళీ డబ్బా అన్నీ కలిపి ఏడున్నర కిలోలు. ఏడు రోజుల తిండి 5.6 కిలోలు. గ్యాసు, నీళ్లు కలిపితే మొత్తం 15 కిలోల దగ్గర ఆగింది.

అసలు చిక్కు దారి రెండో సగంలో ఉంది. మొదటి సగంలో రెడ్స్ మెడో లాంటి చోట్ల సరుకులు దొరుకుతాయి. దాదాపు మధ్యలో మ్యూర్ ట్రెయిల్ రాంచ్ ఉంది. మనం ముందే ప్లాస్టిక్ బకెట్‌లో తిండి పెట్టి పంపితే వాళ్లు దాచి ఉంచుతారు. అక్కడి నుంచి విట్నీ పోర్టల్ దాకా సుమారు 180 కి.మీ. ట్రెయిల్ మీద దుకాణమన్నదే ఉండదు. రోజుకు 20 కి.మీ. నడిచినా తొమ్మిది రోజులు పడుతుంది, డబ్బాలో పట్టేదేమో ఏడు రోజులది.

దీనికి రెండు మార్గాలు. రోజుకు 26 కి.మీ. చొప్పున పరుగులాంటి నడక నడిచి ఏడు రోజుల్లో ముగించడం ఒకటి. రెండోది, మధ్యలో కియర్‌సార్జ్ కనుమ మీదుగా 12 కి.మీ. పక్కకు నడిచి ఆనియన్ వ్యాలీ అనే రోడ్డు చివరకు దిగి, కింద ఊళ్లో సరుకులు తీసుకుని, మళ్లీ అదే 12 కి.మీ. ఎక్కి రావడం. అంటే ట్రెయిల్ మీద ఒక్క అడుగు కూడా ముందుకు పడకుండా 24 కి.మీ. నడక. నేను రెండోది ఎంచుకున్నా. దాంతో 180 కి.మీ. రెండు ముక్కలైంది. మొదటి ముక్కకు ఆరు రోజులు, రెండోదానికి నాలుగు. రెండింటికీ ఒక్కో రోజు తిండి అదనంగా పెట్టుకోవడానికి చోటు దొరికింది.

పుస్తకం లెక్కలో ఆ అదనపు 800 గ్రాముల విలువ సున్నా. అవసరానికి మించిన కేలరీలు కాబట్టి ఆప్టిమల్ జవాబులో వాటికి చోటుండదు. ఆ లెక్క ఇన్‌పుట్ మారదని నమ్ముతుంది. కొండ మీద ఇన్‌పుట్ గంటకోసారి మారుతుంది.

‘అవతలి డిపోకు ఎప్పుడు ఫోన్ చేయాలి?’

ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ మొదటి ప్రశ్న ఎలుగుబంట్ల గురించి. నాన్న ఆర్టీసీలో కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయన వద్దనలేదు. ఒకటే అడిగారు. “ఒరేయ్, బస్సు టైముకు రాకపోతే ఎంతసేపు చూడాలి, ఎప్పుడు అవతలి డిపోకు ఫోన్ చేయాలి అని మాకో లెక్క ఉండేది. నీకూ అలాంటిది ఉందా?”

ఒంటరి ప్రయాణానికి ఇంతకన్నా మంచి ప్రశ్న ఉండదు. ఆ రాత్రే ఒక కాగితం తయారుచేశా. ఏ తేదీ రాత్రి ఎక్కడ టెంట్ వేస్తాను, మధ్యలో బయటపడే దారులేవి, టెంట్ రంగేమిటి, బ్యాగు రంగేమిటి అన్నీ అందులో రాశా. రోజూ సాయంత్రం శాటిలైట్ మెసెంజర్ నుంచి ఒక మెసేజ్ వస్తుంది. ఒక రోజు రాకపోతే కంగారు పడొద్దు, లోయలో సిగ్నల్ అందకపోయి ఉండొచ్చు. 36 గంటలు దాటితే మాత్రం ఆ కౌంటీ షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేయాలి. కాలిఫోర్నియాలో కొండల్లో తప్పిపోయినవాళ్లను వెతికించే బాధ్యత వాళ్లదే. కాగితం ఒక కాపీ నాన్నకు, ఒకటి అక్కడే ఉన్న నా క్లాస్‌మేట్‌కు ఇచ్చా. అక్కడ సాయంత్రం ఏడైతే ఇక్కడ మర్నాడు ఉదయం ఏడున్నర. 22 రోజులూ అమ్మానాన్నల కాఫీ టైముకు నా మెసేజ్ వచ్చేది: ‘క్షేమం. టెంట్ వేశా. తిన్నా.’

ఇదంతా అతి జాగ్రత్త అనిపించొచ్చు. 2013 జులైలో అమెరికా తూర్పు వైపున్న అపలాచియన్ ట్రెయిల్ మీద 66 ఏళ్ల మహిళ ఒకరు ఒంటరిగా నడుస్తూ, కాలకృత్యాలకు బాట పక్కకు వెళ్లి తిరిగి దారి కనుక్కోలేకపోయారు. ఫోన్ నుంచి ఎన్నో మెసేజ్‌లు పంపే ప్రయత్నం చేశారు. సిగ్నల్ లేక ఒక్కటీ వెళ్లలేదు. పెద్ద ఎత్తున గాలించారు. రెండేళ్ల తర్వాత, 2015 అక్టోబరులో, బాటకు 3 కి.మీ. లోపే ఆమె అవశేషాలు దొరికాయి. దగ్గర దొరికిన డైరీని బట్టి ఆమె మూడు వారాలకు పైగా బతికే ఉన్నారు. మంచు బాగా పడిన 2017లో పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ నడుస్తున్న ఇద్దరు యువతులు వేర్వేరుగా, ఒంటరిగా సియెర్రాలో వాగులు దాటుతూ కొట్టుకుపోయి చనిపోయారు. జాన్ మ్యూర్ ట్రెయిల్ చాలా భాగం ఆ దారితోనే కలిసి నడుస్తుంది. పగటి ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి వాగు పెరుగుతుంది. అందుకే వాగుల్ని పొద్దున్నే దాటాలంటారు.

అనుభవం ఉంటే ఏమీ కాదనుకోవడానికీ లేదు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు మనలాగే ఇంజినీరు. ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐఎం కలకత్తాల్లో చదివారు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలూ ఎక్కారు. అంతటి పర్వతారోహకుడు 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరి యాత్రలో ప్రాణాలు కోల్పోయారు. కొండకు మన రెజ్యూమె చూపించలేం.

రోజు ఎలా గడుస్తుంది?

ఐదింటికి మెలకువ. ఉప్మా, కాఫీ. ఆరింటికి నడక. ప్రతి గంటన్నరకూ ఏదో ఒకటి తినాలి. దారి పక్కనే ఏరులు, సరస్సులు కాబట్టి నీళ్లకు కరువు లేదు, కానీ ఫిల్టర్ చేయకుండా తాగకూడదు. ఆ ఫిల్టర్ ఒక్కసారి గడ్డకట్టిందంటే లోపలి సన్నని గొట్టాలు చీలిపోతాయి. పైకి బాగానే కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. అందుకే రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోవాలి. మలవిసర్జనకు నీటికి 60 మీటర్ల దూరంలో జానెడు గుంట తవ్వి పూడ్చాలి. విట్నీ ప్రాంతంలో అదీ కుదరదు, ప్రత్యేకంగా ఇచ్చే సంచిలో వేసి వెంట తెచ్చుకోవాల్సిందే.

ఎత్తు మరో పరీక్ష. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులు చెబుతారు. తలనొప్పి, వికారం తగ్గకుండా పెరుగుతుంటే మందు ఒక్కటే, కిందికి దిగడం.

వీటన్నిటి కన్నా కష్టం సాయంత్రాలది. ఏడింటికి తినడం అయిపోతుంది. చీకటి పడటానికి ఇంకా టైముంటుంది. ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. మొదటి మూడు రోజులు కొత్తలో గడిచిపోయాయి. నాలుగో రోజు నుంచి బుర్రలో ఒకటే గిరగిర. హైదరాబాద్ వెళ్లాక ఉద్యోగం ఎప్పుడొస్తుంది, రెజ్యూమెలో గ్యాప్ గురించి ఏం చెప్పాలి, బ్యాచ్‌మేట్స్ ఎక్కడున్నారు, నేనెక్కడున్నాను? మెయిల్ చూసుకునే వీల్లేదు, ఎవరికీ ఫోన్ చేసి చెప్పుకునే వీల్లేదు. వారం దాటాక ఆ ప్రశ్నలకు జవాబులేమీ దొరకలేదు గానీ వాటి గొంతు తగ్గింది. రేపు కనుమ ఎన్నింటికి దాటాలి, కాలి బొబ్బకు టేపు ఉందా లేదా అన్నవి ముందుకొచ్చాయి. మధ్యలో మ్యూర్ కనుమ మీద 1930లో సియెర్రా క్లబ్ కట్టిన రాతి గుడిసె ఒకటుంది. అందులో కూర్చుని చిక్కీ తింటుంటే, తొమ్మిదేళ్ల కిందట క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ తొలి రౌండ్‌లో పోయినప్పుడు లోకం ఆగిపోయినట్టు ఏడ్చిన సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఫారెస్టర్ కనుమ దగ్గర

ట్రెయిల్‌లో విట్నీ ఎక్కుడును మినహాయిస్తే ఎత్తైన చోటు ఫారెస్టర్ కనుమ, 4,009 మీటర్లు. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా వెళ్లే 4,265 కి.మీ. పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ మొత్తంలోనూ అదే ఎత్తు. చివరి కొన్ని కిలోమీటర్లలో చెట్టన్నది ఉండదు. అంతా రాయి. ఆగస్టులో సియెర్రాలో మధ్యాహ్నం పిడుగుల వానలు మామూలే. బోడి రాయి మీద మనమే ఎత్తైన వస్తువు అవుతాం. అందుకే బయల్దేరక ముందే ఒక నియమం రాసుకున్నా: ఉరుము వినపడితే, లేదా పదకొండు దాటితే, కనుమ వైపు అడుగు వేయను.

19వ రోజు. విడెట్ మెడో అనే చోటు నుంచి ఆరింటికి బయల్దేరా. ఆకాశం శుభ్రంగా ఉంది. పదింపావుకు పడమటి నుంచి మబ్బు కమ్మింది. చెట్లు దాటి చాలాసేపైంది. ఇంకా 400 మీటర్ల ఎక్కుడు ఉంది. దూరంగా ఒక ఉరుము. నా ముందు ఇద్దరు కుర్రాళ్లు నడుస్తున్నారు. “గంటలో అవతల ఉంటాం, రా” అన్నారు. వాళ్ల దగ్గర ఆ రాత్రికి, మర్నాటికే తిండి ఉంది. విట్నీ దాటేదాకా సరిగ్గా లెక్కేసుకుని నడుస్తున్నారు. ఆగితే పస్తు.

నా డబ్బాలో ఒక రోజు ఎక్కువ ఉంది. వెనక్కి తిరిగా. రెండు గంటలు కిందికి నడిచి చెట్ల మధ్య టెంట్ వేసుకున్నా. ఒంటి గంట నుంచి నాలుగు దాకా వడగళ్లు పడ్డాయి. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి నిర్మలమైన ఎండలో కనుమ దాటా. అవతలి వైపు నిలువు గ్రానైట్ గోడను తొలిచి వేసిన మెలికల దారి, కింద కనుచూపు మేర బోడి మైదానం. మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదయం అదే.

ఆ ఇద్దరూ ఏమయ్యారు? క్షేమంగా దాటారు. మర్నాడు క్రాబ్‌ట్రీ మెడోలో కలిశారు. ఒకతని మడమ బొబ్బలెక్కి ఆగిపోయారు. నా దగ్గరున్న టేపు, రెండు చిక్కీలు వాళ్లకిచ్చా. పైన వడగళ్ల దెబ్బలు తిన్నారు, అంతకుమించి ఏమీ కాలేదు.

మరి నేను అనవసరంగా ఒక రోజు పోగొట్టుకున్నట్టేనా? చాలా ఆలోచించా. వాళ్లకు ఏమీ కాలేదు కాబట్టి వాళ్ల నిర్ణయం మంచిదని చెప్పలేం. ఉరుము విన్న క్షణంలో మా ముగ్గురికీ తెలిసింది ఒకటే. తేడా ఏమిటంటే నాకు ఎంచుకునే వీలుంది, వాళ్లకు లేదు. అంతకు మూడు రోజుల ముందు సరుకుల కోసం 24 కి.మీ. పక్కదారి నడవడంతోనే ఆ వీలు వచ్చింది. కనుమ కింద నిలబడ్డాక దాన్ని కొనుక్కోలేం.

ఒక్క రోజు అడగండి

హైదరాబాద్ వచ్చాక ఉద్యోగం దొరకడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో ఈ లెక్కే మళ్లీ మళ్లీ కనిపించింది. బ్యాక్‌డోర్ ఉద్యోగమంటూ లక్షలు అడిగే ఏజెంట్లు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయమనే కంపెనీలు, రెండేళ్ల బాండు మీద ‘ఇప్పుడే సంతకం పెట్టాలి’ అనే హెచ్‌ఆర్‌లు మీకూ తగిలే ఉంటారు. వాటికి ఒప్పుకునేవాళ్లు తెలివి తక్కువవాళ్లేం కాదు. హాస్టల్ అద్దెకు వచ్చే నెల డబ్బుల్లేనివాళ్లు, ఇంట్లో గడువు పెట్టించుకున్నవాళ్లు, ఫారెస్టర్ కింద ఆ ఇద్దరిలా వెనక్కి తిరిగే వీల్లేనివాళ్లు.

అందరికీ ఆరు నెలల పొదుపు సాధ్యం కాదు. విద్యారుణం కిస్తీ మొదలైనవాళ్లకు ఆ మాట చెప్పడమే తప్పు. కానీ మిగులు చిన్నదైనా మిగులే. వెతుకులాట మొదలుపెట్టే ముందే ఒక కాగితం మీద రాసుకోండి: చేతిలో ఎన్ని నెలల ఖర్చుంది? దాన్ని ఇంకో నెల సాగదీసే పని ఏదైనా ఉందా, ట్యూషన్లో, ఫ్రీలాన్స్ పనో, పార్ట్‌టైమో? ఏ షరతు ఉంటే సంతకం పెట్టను? ఇంట్లోవాళ్లకు ఏ తేదీ చెప్పాను, ఆ తేదీ దాటితే ఏం చేస్తాం? ఇవేవీ కుదరకపోయినా ఆఫర్ లెటర్ చేతికిచ్చినప్పుడు, “చదువుకుని రేపు చెబుతాను సార్” అని ఒక్క రోజు అడగండి. ఆ ఒక్క రోజు ఇవ్వనంటే అది కూడా మీకు దొరికిన సమాచారమే.

ఇంటర్వ్యూల్లో గ్యాప్ గురించి తప్పకుండా అడిగారు. ‘సాహసం’, ‘లీడర్‌షిప్’ లాంటి మాటలు వాడలేదు. రెజ్యూమెలో ఒక్క లైను రాశా: 340 కి.మీ. కొండ దారి, 22 రోజులు, ఒంటరిగా, తిండి, పర్మిట్, భద్రత ప్రణాళిక సొంతంగా. అడిగితే ఫారెస్టర్ దగ్గరి నిర్ణయం అంకెలతో చెప్పేవాణ్ని. ఒక ప్యానెల్‌లో పెద్దాయన, “వాళ్లిద్దరూ దాటారుగా, మీరు భయపడ్డారేమో?” అన్నారు. “భయపడ్డాను సార్. ఆ భయం ఏ టైముకు వస్తుందో ముందే రాసుకున్నా కాబట్టి అక్కడ వాదించుకోవాల్సిన పని పడలేదు” అన్నా. తర్వాత అరగంట మేం సర్వర్లు పడిపోయినప్పుడు వెర్షన్ ఎప్పుడు వెనక్కి తిప్పాలన్న దాని మీదే మాట్లాడుకున్నాం. మీరు ఏ పని చేసినా సరే, పెళ్లి వంటల లెక్క చూసినా, ఊళ్లో వినాయక చవితి ఖర్చు రాసినా, చేతిలో ఏముంది, ఏం తెలుసు, ఏం ఎంచుకున్నారు అన్న వరుసలో చెప్పండి. వినేవాళ్లకు అర్థమవుతుంది.

మన దగ్గర మొదలుపెట్టాలంటే

ఒంటరి నడక మొదటి మెట్టు కాదు. ముందు నలుగురితో నేర్చుకోవాలి.

● యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా హిమాలయాల్లో తక్కువ ఖర్చుతో ట్రెక్కింగ్ కార్యక్రమాలు నిర్వహిస్తుంది. విద్యార్థులకు మంచి ఆరంభం.

● గట్టిగా నేర్చుకోవాలంటే డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ (1954), ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ (1965) ఉన్నాయి. బేసిక్ కోర్సు సుమారు నాలుగు వారాలు. అందులో ‘ఎ’ గ్రేడ్ వస్తే అడ్వాన్స్‌డ్ కోర్సుకు అర్హత. 2014లో 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ, ఆమెతో ఎక్కిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్ట్‌కు ముందు డార్జిలింగ్‌లో శిక్షణ పొందినవాళ్లే.

● ఈ కోర్సుల తర్వాత ట్రెక్ లీడర్, ఇన్‌స్ట్రక్టర్, అవుట్‌డోర్ స్కూళ్ల కొలువుల వైపు వెళ్లినవాళ్లున్నారు. దాన్నే కెరీర్‌గా ఎంచుకునే ముందు ఒక సీజన్ పనిచేసి చూడటం మేలు.

● నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. గైడ్‌తో వెళ్లే దారులనే ఎంచుకోండి.

● పది కిలోల బ్యాగుతో వారానికి మూడు రోజులు మెట్లు ఎక్కండి. కొత్త బూట్లతో ఎప్పుడూ పెద్ద నడకకు వెళ్లొద్దు.

● ఎక్కడికి వెళ్లినా కాగితం మర్చిపోవద్దు. ఎక్కడుంటారు, ఎప్పుడు తిరిగొస్తారు, ఎంత ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. మా నాన్న నా కాగితాన్ని ఇప్పటికీ పాత డ్యూటీ చార్టుల ఫైల్లోనే దాచుకున్నారు.